ప్రాథమికోన్నత పాఠశాల

ప్రాథమికోన్నత పాఠశాల అనునది ప్రాథమిక విద్యకూ, ఉన్నత పాఠశాల విద్యకూ నడుమ ఉన్న తరగతులను బోధించే పాఠశాల. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 6, 7, 8 తరగతులను ప్రాథమికోన్నత స్థాయిగా పరిగణిస్తారు. సుమారు 11 నుండి 14 సంవత్సరాల వయసు గల బాలబాలికలు ఈ తరగతులలో చదువుతారు. సాధారణంగా ఈ పాఠశాలలలో 1వ తరగతి నుండి 7 లేదా 8వ తరగతి వరకు ఒకే ఆవరణలో నడుస్తాయి. ప్రజల వాడుకలో వీటిని "యూపీ స్కూలు" అంటారు. పెద్ద గ్రామాలలోను, మండల కేంద్రాలలోను, చిన్న పట్టణాలలోను ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా ప్రభుత్వ, స్థానిక సంస్థల యాజమాన్యంలోని ప్రాథమికోన్నత పాఠశాలలలో చదివే విద్యార్థుల నేపథ్యాన్ని, వారి చదువు ఫలితాలను వివరిస్తుంది.

చరిత్ర

బ్రిటిషు పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన తెలుగు జిల్లాలలో 8వ తరగతి వరకు చదువు చెప్పే పాఠశాలలను హయ్యర్ ఎలిమెంటరీ పాఠశాలలు అనేవారు. ఆ తరగతి చివర జరిగే పరీక్షను ఇ.ఎస్.ఎల్.సి. పరీక్షగా వ్యవహరించేవారు. నిజాం పాలనలోని హైదరాబాదు రాష్ట్రంలో ఇదే స్థాయి పాఠశాలలకు వస్తానియా అని పేరు. అక్కడ ప్రాథమిక పాఠశాల తహతానియా, ఉన్నత పాఠశాల ఫౌఖానియా. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అవతరించిన తరువాత ఈ రెండు పద్ధతులు క్రమంగా ఒకే వ్యవస్థలోకి వచ్చాయి.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో చాలాకాలం పాటు 1 నుండి 5 వరకు ప్రాథమిక, 6, 7 తరగతులు ప్రాథమికోన్నత, 8 నుండి 10 వరకు ఉన్నత పాఠశాల అనే విభజన ఉండేది. అందువలన ప్రాథమికోన్నత పాఠశాల 7వ తరగతితో ముగిసేది. 7వ తరగతి చివర ఉమ్మడి పరీక్ష జరిగేది. పల్లెటూళ్ళలో ఎందరికో అదే మొదటి పెద్ద పరీక్ష.

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అయినది. దీనిని అమలుచేయుటకు పార్లమెంటు 2009లో విద్యాహక్కు చట్టాన్ని చేసింది. ఇది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టం 1 నుండి 8 వరకు ఉన్న తరగతులను ఎలిమెంటరీ విద్యగా నిర్వచించినందున, 8వ తరగతి కూడా ప్రాథమికోన్నత స్థాయిలో చేరింది. అయితే ఆచరణలో 7వ తరగతితో ముగిసే పాఠశాలలు ఆ తరువాత కూడా కొనసాగాయి. వీటి విద్యార్థులు 8వ తరగతికి ఉన్నత పాఠశాలలో చేరవలసి ఉంటుంది.

యాజమాన్యం

ప్రాథమికోన్నత పాఠశాలలలో అధిక భాగం మండల పరిషత్తుల యాజమాన్యంలో ఉన్నాయి. పాఠశాల పేరుకు ముందు కనిపించే ఎం.పి.యు.పి. అనే అక్షరాలు దీనినే సూచిస్తాయి. పట్టణాలలో పురపాలక సంఘాల పాఠశాలలు, ఇవి కాక రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలు, ఎయిడెడ్ పాఠశాలలు, గిరిజన ప్రాంతాలలో ఆశ్రమ పాఠశాలలు కూడ ఉన్నాయి. పర్యవేక్షణ బాధ్యత మండల విద్యాధికారిది. సమీపంలోని కొన్ని పాఠశాలలను ఒక స్కూల్ కాంప్లెక్సుగా కలిపే పద్ధతిని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సిఫారసు చేసింది.

ఉపాధ్యాయులు

ప్రాథమిక తరగతులను సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులు, 6 నుండి పై తరగతులను సబ్జెక్టు వారీగా స్కూల్ అసిస్టెంట్లు బోధించాలన్నది సాధారణ పద్ధతి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుండి 8 తరగతులకు ఈ క్రింది ప్రమాణాలు వర్తిస్తాయి.

* తరగతికి కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. సైన్సు-గణితం, సాంఘిక శాస్త్రం, భాషలు అనే మూడింటిలో ఒక్కొక్కదానికి కనీసం ఒకరు ఉండాలి.
* ప్రతి 35 మంది విద్యార్థులకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి.
* విద్యార్థుల సంఖ్య 100 దాటినచోట పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు, చిత్రకళ, ఆరోగ్య-వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి.
* సంవత్సరానికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలి. ప్రాథమిక తరగతులకు ఇవి 200 రోజులు, 800 గంటలు.

ఈ ప్రమాణాలు చిన్న పాఠశాలలకు ఒక చిక్కును కలిగిస్తాయి. మూడు తరగతులలో కలిపి 30 మంది మాత్రమే ఉన్న పాఠశాలకు కూడా చట్టం ప్రకారం ముగ్గురు ఉపాధ్యాయులు అవసరం. లెక్కకు అది పదిమందికి ఒక ఉపాధ్యాయుడు ఉన్న పాఠశాలగా కనిపిస్తుంది. కాని ఆరు సబ్జెక్టులను ముగ్గురే పంచుకోవలసి వచ్చినపుడు గణితం చెప్పేవారే సైన్సు, తెలుగు చెప్పేవారే హిందీ చెప్పవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్ళినా రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టక తప్పదు. విద్యార్థుల సంఖ్యను బట్టి ఉపాధ్యాయ పోస్టులను సర్దుబాటు చేసే ప్రక్రియను హేతుబద్ధీకరణ అంటారు. ఈ ప్రక్రియలో పోస్టు కోల్పోయిన పాఠశాలను తల్లిదండ్రులు విడిచిపెట్టడం, దానివలన సంఖ్య మరింత తగ్గడం తరచు జరిగే పరిణామం.

విద్యార్థుల కూర్పు

పాఠశాలల వివరాలను యూడైస్ అనే జాతీయ సమాచార వ్యవస్థ ద్వారా ఏటా సేకరిస్తారు. ఇందులో విద్యార్థుల సంఖ్యను తరగతి, లింగం, సామాజిక వర్గం, మతపరమైన మైనారిటీ, బోధనా మాధ్యమం, వైకల్యం వారీగా నమోదు చేస్తారు. చాలా సంవత్సరాల పాటు సెప్టెంబరు 30 నాటి హాజరు పట్టికే దీనికి ఆధారం. 2022-23 నుండి ప్రతి విద్యార్థి వివరాలనూ విడివిడిగా నమోదు చేస్తున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ జనాభాలో షెడ్యూల్డు కులాలవారు 16.4 శాతం, షెడ్యూల్డు తెగలవారు 7 శాతం. ప్రైవేటు పాఠశాలలు విస్తరించిన చోట్ల ప్రభుత్వ పాఠశాలలలో ఈ వర్గాల పిల్లల వాటా జనాభాలో వారి వాటాకంటె ఎక్కువగా ఉండటం సాధారణం. వీరితోపాటు వెనుకబడిన తరగతులకు చెందిన వృత్తిపనివారి, కౌలురైతుల, వ్యవసాయ కూలీల పిల్లలు అధికంగా ఉంటారు. చాలామంది తమ కుటుంబంలో ఈ తరగతుల వరకు వచ్చిన మొదటి తరంవారు. ఇంటివద్ద పాఠం చెప్పగలవారు ఉండకపోవడం వలన వీరి చదువు దాదాపుగా బడివేళలకే పరిమితమవుతుంది.

5వ తరగతి పూర్తయ్యే నాటికి విద్యార్థులు పలు దారులలో విడిపోతారు. అందువలన 6వ తరగతి కూర్పు 5వ తరగతి కూర్పుకు భిన్నంగా ఉంటుంది.

* గురుకులాలు: 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో ప్రారంభమైన గురుకుల పాఠశాల ఈ తరహా విద్యకు ఆద్యం. తరువాత సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాలు ఏర్పడ్డాయి. 2014 తరువాత తెలంగాణలో వెనుకబడిన తరగతుల, మైనారిటీల గురుకులాలు పెద్దసంఖ్యలో వచ్చాయి. వీటిలో చాలావరకు ప్రవేశం 5వ తరగతిలోనే జరుగుతుంది.
* జవహర్ నవోదయ విద్యాలయాలు: ప్రవేశ పరీక్ష ద్వారా 6వ తరగతిలో చేర్చుకుంటారు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల వారికి కేటాయిస్తారు.
* కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు: బాలికల కొరకు 2004లో 6 నుండి 8 తరగతుల వసతి పాఠశాలలుగా ప్రారంభమయ్యాయి.
* ప్రైవేటు పాఠశాలలు: ఫీజు, బస్సు ఖర్చు భరించగలిగిన కుటుంబాల పిల్లలు వీటికి వెళ్తారు.

ప్రవేశ పరీక్షలలో నెగ్గినవారు ఒకవైపు, ఫీజు కట్టగలిగినవారు మరొకవైపు వెళ్ళగా మిగిలినవారు, వారితోపాటు చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలనుండి వచ్చినవారు కలిసి 6వ తరగతిగా ఏర్పడతారు. ఈ తరగతిలో ధారాళంగా చదవగలిగినవారు, అక్షరాలు కూడబలుక్కునేవారు ఒకే బల్లపై కూర్చుంటారు. సబ్జెక్టు ఉపాధ్యాయుని ముందున్న పాఠ్యపుస్తకం మాత్రం అందరికీ ఒకటే.

వలసలు

పనులకోసం కాలానుగుణంగా వలస వెళ్ళే ప్రాంతాలలో విద్యార్థుల సంఖ్య ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలనుండి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి, పాలమూరు ప్రాంతంనుండి భవన నిర్మాణ పనులకు నగరాలకు కుటుంబాలు తరలిపోవడం చాలాకాలంగా ఉన్నది. ఇటువంటి పిల్లలు బడి మానకుండా ఉండేందుకు సర్వశిక్షా అభియాన్ కింద కాలానుగుణ వసతి గృహాలు నిర్వహించారు. పత్తి విత్తనోత్పత్తి క్షేత్రాలలో పరాగ సంపర్కం పనికి బాలికలను పెట్టుకోవడం కూడా బడి మానుకోవడానికి ఒక కారణంగా నమోదైనది. పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చే కృషికిగాను ఎం.వి. ఫౌండేషన్‌కు చెందిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

పాఠ్యాంశాలు, మాధ్యమం

6 నుండి 8 తరగతులలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం ప్రధాన విషయాలు. ప్రభుత్వ పాఠశాలలలో హిందీ బోధన 6వ తరగతినుండి మొదలవుతుంది. ప్రాంతాన్ని బట్టి ఉర్దూ, కన్నడం, తమిళం, ఒడియా మాధ్యమ పాఠశాలలు కూడ కలవు. ఆంధ్ర ప్రదేశ్‌లో తెలుగు, ఇంగ్లీషు పాఠాలను ఎదురెదురు పుటలలో ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలను 2020నుండి ప్రవేశపెట్టారు. తెలంగాణలో 2022-23 విద్యాసంవత్సరంలో 1 నుండి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టారు. తల్లిదండ్రుల కోరిక ఈ మార్పులకు ప్రధాన కారణం. మాతృభాషలోనే చదవడం పూర్తిగా రాని విద్యార్థులకు పరభాషా మాధ్యమం మరింత భారమవుతుందని భాషావేత్తలు, ఉపాధ్యాయులు పలువురు అభిప్రాయపడ్డారు.

మధ్యాహ్న భోజనం, ప్రోత్సాహకాలు

వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తరువాత, ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2003 జనవరిలో ప్రాథమిక తరగతులకు మధ్యాహ్న భోజన పథకం ప్రారంభమైనది. 2008-09నాటికి దేశమంతటా 6 నుండి 8 తరగతులకు కూడా దీనిని విస్తరించారు. ఈ తరగతుల విద్యార్థికి రోజుకు 150 గ్రాముల ధాన్యం, భోజనంలో 700 కేలరీల శక్తి, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని ప్రమాణం. ప్రాథమిక తరగతులకు ఇవి వరుసగా 100 గ్రాములు, 450 కేలరీలు, 12 గ్రాములు. 2021లో ఈ పథకానికి కేంద్ర ప్రభుత్వం పీఎం పోషణ్ అని పేరు మార్చింది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 జనవరిలో ప్రారంభమైన అమ్మ ఒడి పథకం కింద, పిల్లల హాజరు 75 శాతం ఉండాలన్న నియమంతో తల్లులకు ఏడాదికి 15,000 రూపాయల సాయం ప్రకటించారు. ఇది ప్రైవేటు పాఠశాలల విద్యార్థుల తల్లులకు కూడ వర్తించింది. దీని స్థానంలో 2025లో తల్లికి వందనం పథకం వచ్చింది. పాఠశాల భవనాలు, మరుగుదొడ్లు, తాగునీటి వసతుల మెరుగుదలకు ఆంధ్ర ప్రదేశ్‌లో 2019లో నాడు-నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి కార్యక్రమాలను ప్రారంభించారు.

చదువు ఫలితాలు

తరగతి పరీక్షలు

విద్యాహక్కు చట్టం 16వ సెక్షను మొదట 8వ తరగతి పూర్తయ్యే వరకు ఏ విద్యార్థినీ అదే తరగతిలో నిలిపివేయరాదని నిర్దేశించింది. పరీక్షల స్థానంలో నిరంతర సమగ్ర మూల్యాంకన విధానం వచ్చింది. దీని కింద నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు జరిపి గ్రేడులు ఇస్తారు. 2019లో ఈ సెక్షనును సవరించి, 5, 8 తరగతుల చివర పరీక్షలు జరపడానికి వీలు కల్పించారు. పరీక్షలో తప్పినవారికి అదనపు బోధన ఇచ్చి, రెండు నెలలలోగా మరల అవకాశం ఇవ్వాలి. అప్పటికీ ఉత్తీర్ణులు కానివారిని ఆ తరగతిలో నిలిపివేయాలా అన్న నిర్ణయాన్ని సంబంధిత ప్రభుత్వాలకు విడిచిపెట్టారు. అందరినీ పై తరగతికి పంపే విధానం ఉన్న చోట ఉత్తీర్ణతా శాతం విద్యార్థికి ఏమి వచ్చినదో తెలుపదు.

సర్వేలు

పదవ తరగతికి ఉన్నట్లు 8వ తరగతికి అందరూ గుర్తించే పబ్లిక్ పరీక్ష లేనందున, ఈ స్థాయి ఫలితాలను తెలుసుకొనుటకు నమూనా సర్వేలే ప్రధాన ఆధారం. జాతీయ సాధన సర్వేను 2017లోను, 2021లోను 3, 5, 8 తరగతులకు జరిపారు. 2021లో 10వ తరగతిని కూడ చేర్చారు. 2024 డిసెంబరులో పరఖ్ సంస్థ 3, 6, 9 తరగతుల విద్యార్థులను పరీక్షించింది.

ప్రథమ్ సంస్థ 2005లో ప్రారంభించిన అసర్ సర్వే గ్రామీణ ప్రాంతాలలో పిల్లల ఇళ్ళకు వెళ్ళి జరుపుతారు. దీని ప్రకారం దేశంలో 8వ తరగతి చదువుతున్న గ్రామీణ విద్యార్థులలో 2వ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో సుమారు 73 శాతం, 2022లో 69.6 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 2018లో సుమారు 44 శాతం, 2022లో 44.7 శాతం. ఈ అంకెలలో ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల పిల్లలు ఇరువురూ ఉన్నారు. అనగా ఎలిమెంటరీ విద్య ముగిసేనాటికి సగానికి పైగా పిల్లలకు భాగహారం రాలేదు. భిన్నాలు, శాతాలు, బీజగణితం అన్నీ దీనిపైనే ఆధారపడినవి కనుక, ఈ లోటు తీరకుండా ఉన్నత పాఠశాలకు చేరిన విద్యార్థి గణితంలో కోలుకోవడం కష్టం.

ప్రైవేటు పాఠశాలలతో పోలిక

మొత్తం మార్కులను పోల్చినపుడు సాధారణంగా ప్రైవేటు పాఠశాలల విద్యార్థులే ముందుంటారు. ఈ తేడా ఎంతవరకు బోధన వలన, ఎంతవరకు కుటుంబ నేపథ్యం వలన అన్న ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లోనే ఒక ముఖ్యమైన పరిశోధన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 180 గ్రామాలలో, ప్రభుత్వ బడులలోని ప్రాథమిక స్థాయి పిల్లల తల్లిదండ్రులనుండి దరఖాస్తులు తీసుకొని, లాటరీ ద్వారా కొందరికి ప్రైవేటు పాఠశాలలో చదివేందుకు వోచర్లు ఇప్పించారు. లాటరీ కనుక వోచరు వచ్చినవారికీ, రానివారికీ కుటుంబ నేపథ్యంలో తేడా ఉండదు. నాలుగు సంవత్సరాల తరువాత పరీక్షించగా తెలుగు, గణితంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వోచరు పొందినవారు స్పష్టంగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో హిందీ బోధించకపోవడమే దీనికి కారణం.

ఈ ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. మార్కులలో కనిపించే తేడాలో పెద్ద భాగం ఏ పిల్లలు ఏ బడిలో చేరారన్న దానినుండి వచ్చినదని దీనివలన తెలుస్తున్నది. అదే అధ్యయనం మరొక విషయాన్ని కూడ నమోదు చేసింది. ఆ గ్రామాల ప్రైవేటు పాఠశాలలు ఒక్కొక్క విద్యార్థిపై చేసే ఖర్చు ప్రభుత్వ పాఠశాలల ఖర్చులో మూడవ వంతుకంటె తక్కువ. తెలుగు, గణితానికి కేటాయించే సమయం కూడ అక్కడ తక్కువే. కావున ఈ అధ్యయనాన్ని ప్రభుత్వ పాఠశాలలను సమర్థించేవారు, విమర్శించేవారు ఇరువురూ ఉదహరిస్తుంటారు.

జాతీయ ఉపకార వేతన పరీక్ష

8వ తరగతి విద్యార్థులకు జరిగే జాతీయ ప్రతిభ-ఆదాయ ఆధారిత ఉపకార వేతన పరీక్షను 2008లో ప్రారంభించారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులు మాత్రమే దీనికి అర్హులు. నవోదయ, కేంద్రీయ విద్యాలయాలవారు, ప్రభుత్వ వసతి పాఠశాలలవారు అర్హులు కారు. దేశం మొత్తం మీద ఏటా లక్షమందిని ఎంపిక చేసి, 9 నుండి 12వ తరగతి వరకు సంవత్సరానికి 12,000 రూపాయల చొప్పున ఇస్తారు. మొదట ఈ మొత్తం 6,000 రూపాయలుగా ఉండేది. దాదాపు ఒకే నేపథ్యం గల విద్యార్థులే పోటీపడటం వలన, ఒక ప్రాథమికోన్నత పాఠశాల కృషిని తెలుసుకొనుటకు ఈ పరీక్ష ఇతర పోలికలకంటె ఎక్కువగా ఉపకరిస్తుంది.

సంఖ్య తగ్గుదల, పునర్వ్యవస్థీకరణ

అసర్ సర్వేల ప్రకారం దేశంలో 6-14 సంవత్సరాల గ్రామీణ బాలలలో ప్రభుత్వ పాఠశాలలలో నమోదైనవారు 2018లో 65.6 శాతం. కోవిడ్ తరువాత 2022లో ఇది 72.9 శాతానికి పెరిగి, 2024లో మరల 66.8 శాతానికి తగ్గింది. కుటుంబ ఆదాయాలు దెబ్బతిన్నపుడు ప్రభుత్వ బడికి రావడం, కోలుకున్నపుడు తిరిగి వెళ్ళడం ఈ అంకెలలో కనిపిస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2022లో 117వ నంబరు ఉత్తర్వు ద్వారా పాఠశాలలను ఆరు రకాలుగా విభజించి, అనేకచోట్ల 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించింది. సబ్జెక్టు ఉపాధ్యాయులు లభిస్తారన్నది దీని ఉద్దేశ్యం. చిన్నపిల్లలకు దూరం పెరుగుతుందని, ఊరి బడి బలహీనపడుతుందని ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రులు వ్యతిరేకించారు. 2025లో ఈ విధానాన్ని రద్దుచేసి కొత్త వర్గీకరణను తెచ్చారు. విద్యాహక్కు చట్టపు నమూనా నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఏడెనిమిది తరగతుల బాలికల విషయంలో ఈ దూరం కీలకమైనది. బడి ఊరు దాటినపుడు ముందుగా చదువు ఆగేది చాలా కుటుంబాలలో ఆడపిల్లలకే.

పాఠశాల గణాంకాల పరిశీలన

ప్రాథమికోన్నత పాఠశాల ఫలితాలను పరిశీలించేటపుడు ఈ క్రింది అంశాలు గమనించదగినవి.

* విద్యార్థుల సంఖ్య: తరగతిలో 12 మంది మాత్రమే ఉన్నచోట ఒక్కరి ఫలితం మారితే శాతం 8కి పైగా మారుతుంది. కనుక ఒక ఏడాది శాతాన్ని చూసి పాఠశాల మెరుగుపడిందని గాని, దిగజారిందని గాని చెప్పరాదు. కనీసం మూడు, నాలుగు సంవత్సరాల అంకెలు అవసరం.
* నమోదు, హాజరు: రెండూ వేరు. పట్టికలో పేరు ఉండి వలస వెళ్ళిన విద్యార్థి సగటును ప్రభావితం చేస్తాడు.
* ప్రవేశ స్థాయి: 6వ తరగతిలో చేరిన రోజు విద్యార్థికి ఏమి వచ్చు అన్నది తెలిస్తేనే 8వ తరగతి చివర ఎంత నేర్చుకున్నదీ తెలుస్తుంది. భాగహారం రాని విద్యార్థి మూడేళ్ళలో భిన్నాల వరకు వస్తే మార్కులు తక్కువైనా అది గణనీయమైన ప్రగతి.
* కొనసాగింపు: 8వ తరగతి పూర్తిచేసినవారిలో ఎందరు 9వ తరగతిలో చేరారన్నది ముఖ్యమైన కొలమానం. దీనిని బాలికలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి విడిగా లెక్కించాలి. సగటు బాగున్న పాఠశాలలో కూడ ఒక వర్గం పిల్లలు వెనుకబడి ఉండవచ్చును.
* ఉపాధ్యాయ ఖాళీలు: గణిత ఉపాధ్యాయుడు లేని సంవత్సరపు గణిత ఫలితాన్ని, ఉన్న సంవత్సరంతో కలిపి చూడరాదు.

ఈ వివరాలలో నమోదు, సామాజిక వర్గం, ఉపాధ్యాయుల సంఖ్య యూడైస్ నివేదికలలో లభిస్తాయి. 6వ తరగతి ప్రవేశ స్థాయి మాత్రం ఏటా జూన్, జూలై నెలలలో ఆ పాఠశాల ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చదవడం, వ్రాయడం, చతుర్విధ ప్రక్రియలలో పరీక్ష పెట్టి నమోదు చేసుకున్నచోటనే తెలుస్తుంది.